పాత డీజిల్ బండికి పల్లమే పరీక్ష

పాత మోటారు బండిని ఇంటి ముంగిటనే విప్పి, తుప్పు గీకి, అరిగిన భాగాలు మార్చి, తిరిగి బిగించి నడిపించడం ఈనాడు చాలామందికి ఒక వ్యాసంగమైనది. పట్టణాలలో ఇది సరదా. మారేడుమిల్లి వంటి కొండ ఊళ్లలో మాత్రం ఇది అవసరం. రంపచోడవరం దాటి అడవిలో ప్రవేశించిన తరువాత రోడ్డు ఎత్తుపల్లాలతో సాగుతుంది. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళ్లే ఘాట్ రోడ్డు మలుపు మీద మలుపుగా తిరుగుతుంది. ఈ కొండలలో చింతపండు, కొండచీపుళ్లు, అడ్డాకులు సంతకు చేరవలసినా, గుడిస కొండ మీది పచ్చికబయళ్లు చూడ వచ్చిన యాత్రికులు పైకి పోవలసినా జీపు, పికప్ బండి ముఖ్యమైన ఆధారాలు. కొత్త బండి కొనలేనివాడు పాతదానిని బాగుచేసుకొంటాడు. ఇందులో తప్పు లేదు. పారవేయవలసిన యంత్రాన్ని తిరిగి పనిలోకి తెచ్చుకోవడం మెచ్చుకోదగినదే.

అయితే బాగుచేసిన బండి బాగైనదా లేదా అని తేల్చడానికి లోకంలో వాడుకలో ఉన్న కొలత ఏమిటి? సెల్ఫ్ కొట్టగానే ఇంజను లేచిందా? శబ్దం గంభీరంగా ఉన్నదా? రంగు అద్దంలా మెరుస్తున్నదా? బరువుతో ఎత్తు ఎక్కిందా? ఈ నాలుగు ప్రశ్నలకు అవునని జవాబు వస్తే పని ముగిసినట్లే భావిస్తారు. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడ ‘బండి ఆగుతుందా?’ అని అడగదు. పునరుద్ధరణ పనిలోని ప్రధాన దోషం ఇదే. బండి ఎత్తు ఎక్కలేకపోతే దారిలో నిలిచిపోతుంది. నష్టం ఒక పూట కూలి. పల్లంలో ఆగలేకపోతే నష్టం ప్రాణాలు. 2019 అక్టోబరులో మారేడుమిల్లి, చింతూరుల మధ్య ఒక చిన్న యాత్రికుల బస్సు బోల్తాపడి ఎనిమిదిమంది మరణించారు. ఏ ప్రమాదానికి కారణం ఏదైనా, ఈ రోడ్డు పొరపాటును క్షమించేది కాదని చెప్పడానికి ఆ ఒక్క సంఘటన చాలు.

బండి వంశవృక్షం

విమర్శకు ముందు వస్తువును తెలుసుకోవాలి. మన దేశంలో జీపు చరిత్ర రెండవ ప్రపంచయుద్ధం తరువాత మొదలైనది. మహీంద్రా సంస్థ 1940ల చివర అమెరికా విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్చి అమ్మసాగింది. ఆ బండ్లు పెట్రోలువి. తరువాతి కాలంలో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. వాటిలో ఒక తెగ ఫ్రాన్సుదేశపు పీజో సంస్థ నమూనా. 2,112 ఘన సెంటిమీటర్ల ఇంజను ఈ తెగలోనిదే. ఇంకొక తెగ ట్రాక్టరు ఇంజను వంశానికి చెందినది. దాని ఘనపరిమాణం 2,523 ఘన సెంటిమీటర్లు. మొదటి తెగలో డీజిల్ నూనె ముందుగా ఒక చిన్న గదిలో అంటుకొని, అక్కడినుంచి సిలిండరులోకి వ్యాపిస్తుంది. చలిలో ఆ గదిని వేడిచేయడానికి హీటరు ప్లగ్గులు కావాలి. రెండవ తెగలో నూనె నేరుగా పిస్టను నెత్తిమీదనే చిమ్మబడుతుంది.

ఇవిగాక మూడవ జాతి ఒకటి ఉన్నది. పెట్రోలు ధరకు తాళలేక ఎందరో యజమానులు పాత పెట్రోలు జీపులలో డీజిల్ ఇంజన్లు బిగించుకొన్నారు. కాబట్టి ఈనాడు కొండలలో కనిపించే పాత బండికి ఇంజను ఒక కాలానిది, గేరుపెట్టె ఇంకొక కాలానిది, బ్రేకులు వేరొక కాలానివి కావచ్చును. ఒక్కొక్క భాగం మంచిదే అయినా, అవి ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అన్నది వేరే ప్రశ్న. ఈ ప్రశ్నను షెడ్డులో అరుదుగా వేస్తారు.

మెచ్చుకోదగినది ఇంజను పని

మన మెకానిక్కుల ఇంజను పని మొత్తంమీద ప్రశంసనీయం. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని బలంగా నొక్కడంవల్ల పుట్టే వేడియే నూనెను అంటిస్తుంది. 30 డిగ్రీల గాలిని ఉష్ణం బయటికి పోకుండ ఇరవయ్యోవంతుకు నొక్కితే, లెక్కప్రకారం దాని ఉష్ణోగ్రత 700 డిగ్రీల సెంటిగ్రేడు దాటుతుంది. నిజమైన ఇంజనులో కొంత వేడి గోడలకు పోతుంది, కొంత గాలి రింగుల సందులలోంచి జారిపోతుంది, కనుక అంత రాదు. అయినా నూనె అంటుకోవడానికి 250 డిగ్రీల ప్రాంతపు వేడి చాలును. ఇక్కడి మిగులే డీజిల్ ఇంజనుకు ప్రాణం.

రింగులు, సిలిండరు గోడలు అరిగితే ఆ మిగులు తరిగిపోతుంది. మారేడుమిల్లిలో మార్గశిర పుష్యమాసాల తెల్లవారుజామున బండి మొండికేయడానికి కారణం సాధారణంగా ఇదే. ఆ కాలంలో పలువురు రాత్రి బండిని వాలులో నిలిపి, ఉదయం జార్చి లేపుతారు. జారుడులో ఇంజను సెల్ఫ్ మోటారు తిప్పేదానికంటె వేగంగా తిరుగుతుంది. గాలి జారిపోవడానికి, వేడి గోడలకు పోవడానికి వ్యవధి తగ్గుతుంది. ఆ వాలు జబ్బును దాస్తుంది గాని నయం చేయదు.

పొగ రంగు చూచి జబ్బు చెప్పడం కూడ మంచి శాస్త్రమే. తెల్లపొగ అంటుకోని నూనె. నల్లపొగ గాలి చాలని నూనె. నీలిపొగ సిలిండరులోకి చేరి కాలుతున్న ఇంజనాయిలు. నల్లపొగను బలానికి గుర్తుగా తీసుకోవడం మాత్రం పొరపాటు. అది కాలకుండ బయటికి పోతున్న బొగ్గు, యజమాని డబ్బు. ఎత్తులో బలం చాలలేదని పంపు మరను తిప్పి నూనె పెంచడంవల్ల కొంత లాగుడు పెరగవచ్చును గాని, పొగతోపాటు ఇంజను వేడి కూడ పెరుగుతుంది.

ఇంకొక చెడు అలవాటు థర్మోస్టాటును తీసిపారవేయడం. ఇంజను వేడెక్కినప్పుడు దోషం దానిమీదికి నెట్టుతారు. నిజమైన నేరస్థులు వేరే ఉంటారు. ఉప్పునీరు పోయగా పోయగా నీటిదారులలో పేరుకొన్న సున్నపు పొర మొదటిది. ఇనుము ఆ పొరకంటె పదుల రెట్లు బాగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది. కాబట్టి ఒక్క మిల్లిమీటరు పొర ఇనుపగోడను ఎన్నోరెట్లు మందం చేసినట్లే. రెండవది రేడియేటరు మూత. ఆ మూతలోని స్ప్రింగు నీటిమీద పీడనాన్ని నిలుపుతుంది, అందువల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగదు. స్ప్రింగు సడలితే నీరు ముందే మరిగి పొంగిపోతుంది. కొద్దిపాటి వెలగల మూతను మార్చక, ఇంజనును సరైన వేడిలో ఉంచే థర్మోస్టాటును తీసివేయడం జ్వరం వచ్చినదని జ్వరమాపకాన్ని విరగకొట్టడమే.

దిగుడులో ఉన్న లెక్క

ఇక అసలు విషయం. సరుకుతో కలిపి 2,500 కిలోగ్రాముల బరువున్న బండి నిలువుగా 300 మీటర్ల ఎత్తు దిగిందనుకొందాం. దాని స్థితిజశక్తిలో తగ్గుదల బరువును, గురుత్వత్వరణాన్ని, ఎత్తును గుణిస్తే వస్తుంది: 2,500 × 9.8 × 300 = 73,50,000 జౌలులు. ఈ శక్తి ఎక్కడికి పోవాలి? బండి వేగం పెరగకూడదు కనుక గతిజశక్తిగా మారరాదు. మిగిలిన దారి ఒక్కటే, అది ఉష్ణంగా మారాలి. 25 లీటర్ల నీటిని 30 డిగ్రీలనుంచి మరుగుస్థానానికి తేవడానికి సుమారు ఇంతే వేడి చాలును. పొయ్యిమీద పెద్ద కాగెడు నీరు మరిగేటంత వేడిని ఒక్క దిగుడులో చక్రాల దగ్గరనే పుట్టించి పారవేయాలన్నమాట.

ఈ వేడి అంతా బ్రేకు డ్రమ్ములకే పోయిందని భావించి లెక్కవేద్దాం. నాలుగు డ్రమ్ముల ఇనుము మొత్తం 40 కిలోగ్రాములనుకొంటే, కిలోగ్రాము ఇనుము ఒక డిగ్రీ వేడెక్కడానికి దాదాపు 500 జౌలులు కావాలి కాబట్టి, డ్రమ్ముల ఉష్ణోగ్రత సుమారు 370 డిగ్రీలు పెరుగుతుంది. నిజానికి గాలి కొంత చల్లారుస్తుంది. టైర్ల నిరోధం, ఇంజను కొంత భరిస్తాయి. అయినా ప్రమాదపు పరిమాణం ఈ లెక్కలో కనిపిస్తుంది.

అంత వేడికి మూడు సంగతులు జరుగుతాయి. మొదటిది, డ్రమ్ము వ్యాకోచించి లైనింగులకు దూరమవుతుంది. పెడలు ఇంకా లోతుకు పోవాలి. రెండవది, లైనింగు వేడెక్కినకొద్దీ దాని ఘర్షణ గుణకం తగ్గుతుంది. అదే ఒత్తిడికి తక్కువ పట్టు. మూడవది అన్నిటికంటె అపాయకరం. వేడి చక్రం దగ్గరి సిలిండరుకు పాకి, అందులోని బ్రేకు ద్రవాన్ని మరిగిస్తుంది. ‘డాట్ 3’ తరగతి ద్రవం కొత్తదిగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలవరకు మరగదు. కాని అది గాలిలోని తేమను పీల్చే స్వభావం గలది. కొద్ది శాతం నీరు చేరితే దాని మరుగుస్థానం 140 డిగ్రీల ప్రాంతానికి దిగవచ్చును. వానకాలమంతా తడిసే మారేడుమిల్లి అడవిలో ఏళ్ల తరబడి మార్చని ద్రవం ఎంత తేమను తాగి ఉంటుందో ఊహించవచ్చును. ద్రవం మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవాన్ని నొక్కి కుదించలేము; ఆవిరిని కుదించగలము. అప్పుడు కాలి ఒత్తిడి చక్రానికి చేరక బుడగలోనే చచ్చిపోతుంది. పెడలు నేలకంటుతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది.

వేలు పెట్టి కొనవలసిన రంగుకంటె కొద్దిపాటి ధరగల బ్రేకు ద్రవం ముందు రావాలనడానికి ఇంతకంటె వాదం అక్కరలేదు. ఆ ద్రవం తగ్గినప్పుడు చేతికి దొరికిన ఇంజనాయిలు పోయడం మరింత ఘోరం. ఖనిజ నూనె తగిలితే బ్రేకు సిలిండర్లలోని రబ్బరు కప్పులు ఉబ్బి చెడిపోతాయి.

ఇంజను కూడ పట్టి ఉంచాలి

బ్రేకులమీద భారం తగ్గించడానికి చిన్న గేరులో దిగడం డ్రైవర్లందరూ ఎరిగిన నియమం. ఇందులోని శాస్త్రం పుస్తకాలలో కనిపించడం అరుదు. పదిహేను మీటర్లకు ఒక మీటరు చొప్పున వాలిన దారిలో మన 2,500 కిలోగ్రాముల బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో దిగితే, సెకనుకు సుమారు 18,000 జౌలుల శక్తిని ఖర్చుపెట్టాలి. 20 కిలోమీటర్ల వేగంతో దిగితే 9,000 జౌలులు చాలును. దిగిన ఎత్తు ఒక్కటే కనుక మొత్తం శక్తి ఒక్కటే. కాని రెండవసారి దానిని వదలడానికి రెట్టింపు కాలం దొరుకుతుంది. నెమ్మది అనేది పిరికితనం కాదు, వేడిని గాలికి ఇవ్వడానికి తీసుకొన్న గడువు.

చిన్న గేరులో చక్రాలు ఇంజనును తిప్పుతాయి. ఇంజనులోని ఘర్షణ ఆ శక్తిలో మంచి భాగాన్ని మింగుతుంది. అయితే ఇక్కడ పెట్రోలు ఇంజనుకు, డీజిల్ ఇంజనుకు తేడా ఉన్నది. పెట్రోలు ఇంజనులో కాలు తీయగానే గాలిదారి మూసుకొంటుంది. పిస్టన్లు శూన్యాన్ని లాగుతూ శ్రమపడాలి, అదొక అదనపు బ్రేకు. మామూలు పాత డీజిల్ ఇంజనులో అట్లాంటి మూత లేదు. గాలి పూర్తిగా లోపలికి వస్తుంది. దానిని నొక్కడానికి చాలా పని పట్టే మాట నిజమే. కాని ఆ నొక్కిన గాలి స్ప్రింగువలె పిస్టనును తిరిగి కిందికి నెట్టి, తీసుకొన్న పనిలో చాలా భాగాన్ని ఇచ్చివేస్తుంది. సంపీడనం ఎక్కువ కనుక డీజిల్ ఇంజను బాగా పట్టి ఉంచుతుందన్న నమ్మకం సగమే నిజం.

ఈ లోటును అనుభవంతో తెలుసుకొన్నవాడు అమెరికాలో డీజిల్ ఇంజన్లు తయారుచేసిన క్లెస్సీ కమిన్స్. 1931లో ఆయన తన ఇంజను బిగించిన లారీలో న్యూయార్కునుంచి లాస్ ఏంజెలిస్‌కు ప్రయాణం చేస్తూ కాలిఫోర్నియాలోని కాజోన్ కనుమ దిగుతుండగా బ్రేకులు పట్టు తప్పాయి. కనుమ దిగువన రైలుపట్టాలు. వాటిమీద గూడ్సు రైలు. లారీ వెంట్రుకవాసిలో తప్పించుకొన్నది. ఆ భయం ఆయనను వదలలేదు. సంపీడన ఘాతం చివర నిర్గమ కవాటాన్ని తెరిచి, నొక్కిన గాలిని బయటికి వదలివేస్తే స్ప్రింగు తిరిగి నెట్టలేదు గదా అన్న ఆలోచనను ఆయన తరువాత యంత్రంగా మలిచాడు. దానిని జేకబ్స్ సంస్థ 1961లో మార్కెట్టుకు తెచ్చింది. ఎత్తు ఎక్కడానికి ఇంజను చేసినవాడే, దిగడానికి మరొక పరికరం కావాలని ముప్పై ఏళ్లకు సాధించాడు. చిన్న పికప్ బండికి అట్టి పరికరం ఉండదు. దాని యజమానికి ఉన్నవి చిన్న గేరు, మంచి బ్రేకులు, ఓపిక.

దాగి ఉన్న ఉచ్చు

బ్రేకు పెడలుకు బలం చేకూర్చే బూస్టరు శూన్యంతో పనిచేస్తుంది. పెట్రోలు బండికి ఆ శూన్యం ఇంజను గాలిదారిలోనే దొరుకుతుంది. డీజిల్ ఇంజనులో గాలిదారికి మూత లేదు కాబట్టి ఆ శూన్యమూ లేదు. దానిని పుట్టించడానికి వేరే పంపు కావాలి. చాలా బండ్లలో ఈ పంపు ఆల్టర్నేటరు వెనుక ఉంటుంది. పెట్రోలు జీపుకు డీజిల్ ఇంజను మార్చినప్పుడుగాని, చౌక ఆల్టర్నేటరు వేసినప్పుడుగాని ఈ పంపును మరచిపోతే బూస్టరు ఉండీ లేనట్లే. రబ్బరు గొట్టం చిట్లినా అంతే. ఇంటి ముంగిట చదును నేలమీద ఈ లోటు తెలియదు; నాలుగు అడుగుల దూరంలో బండి ఆగుతుంది. వాలులో బరువుతో వచ్చినప్పుడే తెలుస్తుంది.

డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్‌లో, కొందరు ఇంజను ఆపి మరీ, పల్లం దిగడం ఈ ఉచ్చును బిగించుకోవడమే. ఇంజను ఆగితే పంపు ఆగుతుంది. బూస్టరులో మిగిలిన శూన్యం రెండుమూడు నొక్కులకు సరి. ఇంజను పట్టు ఎట్లాగూ పోయింది. బ్రేకులకు పని ఎక్కువైన సమయంలోనే వాటి బలాన్ని తీసివేయడమన్నమాట.

యథాతథమా, ప్రయోజనమా?

పునరుద్ధరణకారులలో రెండు పక్షాలు ఉన్నాయి. ఒక పక్షం బండి పుట్టిననాడు ఎట్లా ఉన్నదో అట్లాగే ఉండాలంటుంది. రెండవ పక్షం దానిని పెద్దది, బలమైనది చేయాలంటుంది. కొండరోడ్డుమీద రెండు పక్షాలకూ తప్పులున్నాయి.

పాత జీపులలో బ్రేకు ద్రవానికి ఒకే దారి. నాలుగు చక్రాలలో ఏ ఒక్కచోట గొట్టం పగిలినా నాలుగూ పోతాయి. తరువాతి బండ్లలో మాస్టరు సిలిండరును రెండు గదులుగా చేశారు. ఒక దారి పోయినా ఇంకొకటి మిగులుతుంది. ప్రదర్శనశాలలో నిలిపే బండికి ఒంటిదారి ఉండడం చరిత్రకు న్యాయం. పదిమందిని ఎక్కించుకొనే బండికి అది అన్యాయం. ఇక్కడ యథాతథవాదం ఓడిపోవాలి.

పెద్ద టైర్ల వ్యామోహం ఇంకొక రకం. 35 సెంటిమీటర్ల వ్యాసార్ధంగల చక్రానికి బదులు 40 సెంటిమీటర్లది వేస్తే బండి ఠీవిగా నిలుస్తుంది. కాని బ్రేకు డ్రమ్ము తిప్పుడును ఆపే బలభ్రామకం మారలేదు; దానిని పెద్ద వ్యాసార్ధంతో భాగించాలి. రోడ్డుమీద ఆపే బలం ఎనిమిదోవంతు తగ్గుతుంది. అదే వేగానికి ఇంజను తక్కువసార్లు తిరుగుతుంది కనుక ఇంజను పట్టూ తగ్గుతుంది. వేగమాపకం నిజంకంటె తక్కువ చూపుతుంది. ఒక్క మార్పుతో మూడు నష్టాలు. మూడూ పల్లంలోనే బయటపడేవి. పెద్ద ఇంజను వేసి పాత బ్రేకులు ఉంచడం కూడ ఇట్టిదే. అదీగాక, తయారీదారు నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది. ఇంజను మార్చదలచినవాడు రవాణా కార్యాలయపు అనుమతి ముందుగా పొందడం మేలు.

చాసిస్ విషయంలో టింకరింగ్ పనివారి నేర్పే ఒక్కొక్కసారి శత్రువు. పెట్టెవలె మూసి ఉన్న చాసిస్ దూలాలలో బురద, నీరు నిలిచి తుప్పు లోపలినుంచి తింటుంది. పైన పలుచని రేకు అతికి, లప్పం పెట్టి, రంగు కొడితే కంటికి కొత్తది, బరువుకు పాతదే. కమాన్ కట్టలు, స్టీరింగు పెట్టె ఆ దూలాలకే బిగించి ఉంటాయి. చిన్న సుత్తితో దూలం పొడవునా కొట్టి శబ్దం వినడం, మొద్దుబారిన చోట గీకి చూడడం రంగుకు ముందు జరగవలసిన పని.

ఇంటి ముంగిట జాగ్రత్తలు

ఇంట్లో చేసే పనికి షెడ్డులో లేని అపాయాలు ఉన్నాయి. విల్లీస్ సంప్రదాయపు జీపులలో చాలావాటికి చేతిబ్రేకు చక్రాలమీద కాక గేరుపెట్టె వెనుకనుంచి పోయే ఇరుసుమీద పనిచేస్తుంది. వెనుక చక్రాన్ని ఒకదానిని జాకీతో లేపితే, డిఫరెన్షియలు ఆ లేచిన చక్రాన్ని స్వేచ్ఛగా తిరగనిస్తుంది; చేతిబ్రేకు వేసి ఉన్నా బండి జారవచ్చును. చక్రాల కింద దుంగలు పెట్టకుండ, జాకీని మాత్రం నమ్మి బండి కిందికి దూరడం ప్రాణాంతకం.

పాత బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండవచ్చును. ఆ ధూళిని గాలిగొట్టంతో ఊదితే అది పిల్లల ఊపిరితిత్తులలో చేరుతుంది. తడిగుడ్డతో తుడవాలి. పనిచేస్తున్న ఇంజెక్టరు తుంపర ముందు వేలు పెట్టరాదు. వంద వాతావరణ పీడనాలకు మించిన ఒత్తిడితో వచ్చే ఆ తుంపర చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. తీసివేసిన ఇంజనాయిలును వాగులో పారబోయడం ఇంకొక నేరం. పాములేరు నీరు కింది ఊళ్లవారు కూడ వాడుకొనేదే.

పాఠం ఎక్కడ ఆగిపోతున్నది?

ఈ లోపాలన్నిటికీ మెకానిక్కునే తప్పుపట్టడం న్యాయం కాదు. అతడు అడిగిన పని చేస్తాడు; యజమాని అడిగేది లేపమని, మెరిపించమని. యజమానికి అడగడం నేర్పవలసినది పాఠశాల. అక్కడ డీజిల్ ఇంజను పాఠం సాధారణంగా చూషణ, సంపీడన, వ్యాకోచ, నిర్గమ ఘాతాల బొమ్మతో మొదలై, పెట్రోలు ఇంజనుతో పోల్చిన పట్టికతో ముగుస్తుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఔగ్స్‌బర్గ్‌లో నిలబెట్టిన ఇంజను ఇంధనశక్తిలో నాలుగోవంతుకు పైగా పనిగా మార్చిందన్న సంగతి గొప్పదే. కాని ఆ పనితో కొండ ఎక్కిన బండి తనలో దాచుకొన్న స్థితిజశక్తి దిగేటప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న వద్ద పాఠం ఆగిపోతుంది. శక్తినిత్యత్వ నియమం ఎత్తుకు ఎంత వర్తిస్తుందో పల్లానికీ అంతే వర్తిస్తుంది.

ఈ లోటు పూడ్చడానికి ప్రయోగశాల అక్కరలేదు. సూదులు తీసిన రెండు ఇంజెక్షను సిరంజిలను సన్నని గొట్టంతో కలిపి నీటితో నింపితే, ఒకటి నొక్కగానే రెండవది కదులుతుంది. గొట్టంలో ఒక గాలిబుడగను చేర్చి మళ్లీ నొక్కితే కదలిక తగ్గిపోవడం విద్యార్థి చేతికే తెలుస్తుంది. మరిగిన బ్రేకు ద్రవం కథ అంతా అదే. సైకిలు పంపు మూతి మూసి నాలుగుసార్లు కొట్టి దాని అడుగు తాకితే డీజిల్ ఇంజను ఎట్లా అంటుకొంటుందో బోధపడుతుంది. పల్లం దిగి ఆపిన సైకిలు బ్రేకు దిమ్మను తాకితే స్థితిజశక్తి ఎక్కడికి పోయినదో బోధపడుతుంది. తన ఊరి జీపు బరువు, తన ఊరి కొండ ఎత్తు తీసుకొని పుట్టే వేడిని లెక్కకట్టడం తొమ్మిదో తరగతి విద్యార్థికి మించిన పని కాదు.

పాత బండిని బాగుచేయదలచినవాడు పని వరుసను తలకిందులు చేసుకోవాలి. ముందు చాసిస్, స్టీరింగు, బ్రేకులు, తరువాత నీరు, నూనెల దారులు, ఆపైన ఇంజను, మిగిలిన డబ్బుంటే రంగు. బాగైన బండిని పరీక్షించడానికి ఎత్తు చూపరాదు. ముందు చదును నేలమీద ఖాళీగా ఆపి చూచి, ఆపైన బరువుతో ఆపి చూచి, చిన్న వాలులో నెమ్మదిగా దింపి, ప్రతిసారి దిగి డ్రమ్ముల వేడి, గొట్టాల చెమ్మ గమనించాలి. వేడి డ్రమ్మును తాకరాదు. దగ్గర చేయి ఉంచితే చాలును. నాలుగింటిలో ఒకటి మాత్రం చల్లగా ఉంటే అది పనిచేయడం లేదన్నమాట. ఒకటి మరీ వేడిగా ఉంటే అది వదలడం లేదన్నమాట. ఈ పరీక్షకు పైస ఖర్చు లేదు.

ఇంజను లేచిననాడు ఇంటివారందరూ సంతోషిస్తారు. ఆ సంతోషం సహజమే. కాని సంత ముగిసిన సాయంకాలం, ఆ ఇంటివారినే ఎక్కించుకొని బండి ఘాటు దిగి, ఆగవలసిన చోట ఆగిననాడే దాని పునరుద్ధరణ పూర్తి అయినట్లు లెక్క.